పటంలో కొండ చిన్నదే

సభకు నమస్కారం. మైకు కొంచెం కిందికి దించండి. ఆ, ఇప్పుడు బాగుంది.

ఈ గోడ మీద వేలాడదీసిన పటం నేనే గీసుకుని తెచ్చాను. వంకరలుంటే ఆ తప్పు నా చేతిది. ఎడమ చివర ఎర్జురుమ్, కుడి చివర కార్స్, రెండూ నేటి తూర్పు టర్కీలోని ఊళ్లే. మధ్యలో టీ మరకల్లా కనబడుతున్నవన్నీ కొండలు. ఈ ఊరికీ ఆ ఊరికీ మధ్య పటం మీద జానెడు దూరం. కొండ అద్దంలో కొంచెంగా కనబడుతుందని చిన్నప్పుడు పద్యంలో చదువుకున్నాం. పటంలో ఇంకా చిన్నగా కనబడుతుంది. ఆ జానెడు దూరాన్ని నడి చలికాలంలో దాటబోయిన ఒక టర్కీ సైన్యం గురించి ఈ రోజు మాట్లాడతాను. అది 1914 డిసెంబరు 22న కదిలింది. రెండు వారాలు తిరిగేసరికి అందులో ఒక కోర్, అంటే కొన్ని డివిజన్లు కలిసిన వేలాది మంది దళం, పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది, ఇంకొకటి పేరుకు మాత్రమే మిగిలింది.

దీన్ని సరికామిష్ యుద్ధం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధమంటే మన పాఠ్యపుస్తకాల్లో ఫ్రాన్సు కందకాలే కనబడతాయి. అందుకే ముప్పయ్యేళ్లు చరిత్ర పాఠం చెప్పిన నేను కూడా ఈ పేరును తరగతి గదిలో ఒక్కసారీ పలకలేదు. ఉద్యోగ విరమణ తరవాత తీరిగ్గా చదువుకున్నాను.

సరికామిష్ చిన్న ఊరు. సముద్ర మట్టానికి దాదాపు 2,100 మీటర్ల ఎత్తున, దేవదారు జాతి చెట్ల అడవిలో ఉంటుంది. 1877–78 యుద్ధంలో గెలిచిన రష్యా కార్స్, అర్దహాన్‌లతో పాటు ఈ ఊరిని కూడా ఆటోమన్ టర్కీ నుంచి తీసుకుంది. టిఫ్లిస్ నుంచి, అంటే నేటి త్బిలిసి నుంచి, కార్స్ మీదుగా ఇక్కడి దాకా రైలు వేసింది. అప్పట్లో పట్టాలు ఇక్కడితో ఆగిపోయేవి. ముందున్న రష్యన్ సైన్యానికి తిండి, గుండ్లు, మందులు అన్నీ ఈ స్టేషనులో దిగాల్సిందే. సరికామిష్ పోతే వారి గొంతు పిసికినట్టే. ఇది ఎవరికైనా అర్థమవుతుంది. ఎన్వర్ పాషాకు మరీ బాగా అర్థమైంది.

ఎన్వర్ అప్పటికి 33 ఏళ్లవాడు. సుల్తాను చేత రాజ్యాంగాన్ని తిరిగి తెప్పించిన 1908 విప్లవంలో వీరుడు, 1913లో ఎదిర్నే నగరం తిరిగి చేతికి వచ్చినప్పుడు ఊరేగింది అతనే, 1914 జనవరి నుంచి టర్కీ యుద్ధ మంత్రి. సుల్తాను వంశానికి అల్లుడు కూడా. బెర్లిన్‌లో సైనిక ప్రతినిధిగా ఉన్నప్పుడు జర్మన్ల పద్ధతులు చూసి మురిసిపోయాడు. లేనిదల్లా ఒక్కటే: పెద్ద సైన్యాన్ని యుద్ధంలో నడిపిన అనుభవం.

1914 ఆగస్టు చివర్లో టానెన్‌బర్గ్ దగ్గర జర్మన్లు ఒక రష్యన్ సైన్యాన్ని చుట్టుముట్టి నాశనం చేశారు. ప్రపంచమంతా నోరు వెళ్లబెట్టింది. ఎన్వర్ అదే ఆటను కాకసస్‌లో, అంటే రష్యాతో తమ సరిహద్దు కొండల్లో, ఆడాలనుకున్నాడు. మూడవ సైన్యంలో మూడు కోర్లు ఉన్నాయి. పదకొండో కోర్ అరస్ నది పక్కన రష్యన్లను ఎదురుగా కదలకుండా పట్టి ఉంచాలి. తొమ్మిదో కోర్ ఎడమవైపు నుంచి కొండలెక్కి బర్దిజ్ మీదుగా సరికామిష్ మీద పడాలి. పదో కోర్ ఇంకా దూరం చుట్టి ఓల్తు పట్టుకుని, కార్స్ వైపు వెళ్లే రైలు మార్గాన్ని తెంచాలి. పటం మీద గీస్తే రెండు అందమైన బాణాలు. అయితే టానెన్‌బర్గ్‌లో నేల చదును, నెల ఆగస్టు, జర్మన్ల చేతిలో రైళ్లు ఉన్నాయి. ఇక్కడ నేల కొండ, నెల డిసెంబరు. టర్కీ వైపు రైలుమార్గం ఎర్జురుమ్‌కు వందల కిలోమీటర్ల దూరంలోనే ఆగిపోయింది. మన పెద్దలు నేల విడిచి సాము అన్నది ఇలాంటి దాన్నే.

వద్దని చెప్పినవారు లేకపోలేదు. ఆటోమన్ కొలువులోని జర్మన్ జనరల్ లీమన్ ఫాన్ జాండర్స్ ఆ దారులు ఇరుకైనవనీ, మంచుతో నిండి ఉంటాయనీ ముందే హెచ్చరించాడు. బయలుదేరే ముందు ఎన్వర్ తనతో అన్న ఒక మాటను కూడా ఆయన తరవాత రాసిపెట్టాడు. ఈ సభ చెవులు నిక్కబొడుచుకునే మాట అది. కాకసస్ గెలిచాక అఫ్గానిస్తాన్ మీదుగా ఇండియా మీదికి నడవాలని ఆలోచిస్తున్నాను అన్నాడట ఎన్వర్! సరికామిష్ అడవి దాటని బాణం గీత ఆయన మనసులో ఖైబర్ కనుమ దాకా సాగిపోయింది. నవ్వండి, తప్పులేదు. ఆ మాట నమ్మి నడిచినవారిని తలుచుకుంటేనే నవ్వు ఆగిపోతుంది.

మూడవ సైన్యం అధిపతి హసన్ ఇజ్జెత్ పాషా అక్కడే ఉన్నవాడు. నవంబరులో రష్యన్లు సరిహద్దు దాటి వచ్చినప్పుడు ఎదుర్కొని ఆపినవాడు. మొదట ఆయన కూడా ఊగిసలాడాడు. ఒకసారి కుదురుతుందన్నాడు, ఒకసారి వసంతం దాకా ఆగుదామన్నాడు. చివరికి డిసెంబరు మూడో వారంలో, ఈ చలిలో ఇంత పని చేయించే ధైర్యం నాకు లేదని రాజీనామా ఇచ్చాడు. ఆయన యుద్ధ కళాశాలలో ఎన్వర్‌కు గురువు. నా గురువు కాకపోయి ఉంటే కాల్చి చంపించేవాణ్ణి అని ఎన్వర్ అన్నాడని టర్కీలో చెప్పుకుంటారు. అన్నాడో లేదో గాని, చేసిన పని మాత్రం తెలుసు: గురువును ఇంటికి పంపి ఆ కుర్చీలో తానే కూర్చున్నాడు. కోర్ల అధిపతులనూ మార్చాడు. పదో కోర్‌ను తన స్నేహితుడు హాఫిజ్ హక్కీ చేతిలో పెట్టాడు. కొండ తెలిసినవాడు వెళ్లిపోయాక కొండను పటంలో చూసినవారి చేతికి సైన్యం వచ్చింది. నా దృష్టిలో యుద్ధం ఓడిపోయింది ఆ వారంలోనే. మంచు కురవడం తరవాతి సంగతి.

ఇక సైనికుల సంగతి. నవంబరు మొదటి వారంలో ఇస్తాంబుల్ నుంచి మూడవ సైన్యానికి సామాను తీసుకువస్తున్న మూడు ఓడలను రష్యన్ నౌకాదళం నల్ల సముద్రంలో ముంచేసింది. చలి దుస్తులు వాటితోనే మునిగాయంటారు. మరిన్ని ఓడలు పంపే ధైర్యం ఎవరికీ లేదు. ఈ సైన్యంలో కొందరు ఎడారి ప్రాంతాల నుంచి వచ్చినవారు, ఆ పలచటి బట్టలతోనే ఉన్నారు. చాలామంది కాళ్లకు బూట్లు లేవు. వారు తొడిగింది ‘చారిక్’ అనే పల్లెటూరి చెప్పు. పచ్చి తోలు ముక్కను పాదం చుట్టూ మడిచి, తోలు తాడుతో బిగించడమే దాని తయారీ. పొలం పనికి అది హాయి. మన దగ్గర డప్పు వాయించేవారిని అడగండి, పచ్చి తోలు గుణం వారికి తెలుసు. తడిస్తే సాగుతుంది, నిప్పు దగ్గర కాస్తే బిగుస్తుంది. పగలంతా మంచులో నడిచిన చారిక్ నానిపోతుంది, సాయంత్రం గడ్డకట్టి ఇనుప పట్టీలా పాదాన్ని నొక్కుతుంది. రక్తం ఆడదు. తెల్లారేసరికి వేళ్లు నల్లబడతాయి. మా పాత విద్యార్థి ఒకరు లడాఖ్‌లో సైన్యంలో పనిచేసి వచ్చారు. అక్కడ అన్నింటికంటే ముందు నేర్పేది తుపాకీ కాదు, మేజోళ్లు మార్చుకోవడం అని చెప్పారు. చెమట పట్టిన మేజోడు పెట్టుకుని పడుకుంటే పై అధికారి చేత చీవాట్లు తప్పవట.

ఎన్వర్ ఇవన్నీ చూడలేదని అనుకునేరు. దాడికి ముందు సైన్యానికి ఇచ్చిన సందేశంలో స్వయంగా చెప్పాడు: మీ కాళ్లకు చెప్పులు లేవు, వీపున కోటు లేదు, చూశాను, అయినా శత్రువు మిమ్మల్ని చూసి భయపడుతున్నాడు, త్వరలో కాకసస్‌లో అడుగుపెడతాం, కావలసినవన్నీ అక్కడ దొరుకుతాయి. సారాంశం ఇది. అంటే చూశాడు. చూసి, లెక్కలో రాసుకోలేదు.

మొదటి రెండు రోజులు బాణాలు పటంలో లాగే కదిలాయి. 23న ఓల్తు చేతికి వచ్చింది. అదే రోజు ఆ దారిలో పొగమంచు కమ్మి, పదో కోర్‌లోని 31, 32 డివిజన్లు ఒకరినొకరు రష్యన్లనుకుని గంటల తరబడి కాల్చుకున్నాయి. 24న తొమ్మిదో కోర్‌లోని 29వ డివిజన్ బర్దిజ్ చేరింది. ఎన్వర్ వారితోనే ఉన్నాడు. ఆ మాట ఒప్పుకోవాలి, అతను వెనక కూర్చుని ఆజ్ఞలిచ్చిన మనిషి కాడు. గుర్రం మీద ముందు వరుసల్లోనే తిరిగాడు. ధైర్యానికి లోటు లేదు. నిజానికి కాస్త భయం ఉండి ఉంటే బాగుండేదేమో.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి, విసుక్కోకండి. ఒక డివిజన్‌లో 8,000 మంది అనుకుందాం. నడుము లోతు మంచులో ఇద్దరు పక్కపక్కన నడవలేరు. ముందువాడు తొక్కిన గుంటలోనే వెనకవాడు కాలు పెట్టాలి. మనిషికీ మనిషికీ గజం ఎడం వేసుకున్నా వరుస పొడవు 7 కిలోమీటర్లు దాటుతుంది. గంటకు ఒక కిలోమీటరు నడిస్తే అదే గొప్ప. మొదటివాడు కనుమ దాటిన ఏడు గంటలకు గాని చివరివాడు అక్కడికి రాడు. ఈ లోగా మధ్యలో ఉన్నవారు ఏం చేస్తారు? గాలిలో నిలబడతారు. మంచులో నడిచేవాడికంటే నిలబడేవాడికి ప్రమాదం, నిలబడినవాడికంటే కూర్చున్నవాడికి ప్రమాదం. చలి ముదిరితే మనిషికి నొప్పి పోయి హాయిగా నిద్ర ముంచుకొస్తుంది. ఒక్క నిమిషం అని కూర్చుంటాడు. అంతే. ఎన్వర్ పథకంలో దారికి గంటలు కేటాయించారు గాని, వరుసకు తోక ఉంటుందన్న సంగతి లెక్కలోకి రాలేదు.

తొమ్మిదో కోర్ సిబ్బందికి అధిపతిగా ఉన్న షెరీఫ్ బే ఆ నడకలో చూసిన ఒక దృశ్యాన్ని తరవాత రాశాడు. దారి పక్కన ఒక సైనికుడు మంచులో చతికిలబడి ఉన్నాడు. మంచును గుండెకు హత్తుకుంటున్నాడు, గోళ్లతో గీరుతున్నాడు, అరుస్తున్నాడు. లేపి దారిలో పెడదామని షెరీఫ్ దగ్గరికి వెళితే, ఆ మనిషి అతణ్ణి చూడనేలేదు. మతి పోయింది. వదిలేసి ముందుకు నడవవలసి వచ్చింది. పుస్తకం మూసి, కళ్లజోడు తీసి పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను ఆ పూట.

25వ తేదీ సాయంత్రం 29వ డివిజన్ సరికామిష్ ముందున్న అడవికి చేరింది. కింద ఊరి దీపాలు. ఆ రాత్రి ఆ ఊళ్లో చెప్పుకోదగ్గ సైన్యమే లేదు! బుక్రెతోవ్ అనే కర్నల్ వేరే పని మీద ఆ దారిన వెళుతూ ఊళ్లో దిగాడు. ఉన్నవారిని పోగుచేయమని ఆయనకు చెప్పారు. దొరికింది ఎవరు? రైల్వే కాపలా దళాలు, వయసు మళ్లిన వాలంటీర్లు, టిఫ్లిస్ నుంచి అప్పుడే శిక్షణ ముగించుకుని వచ్చిన దాదాపు 200 మంది కుర్ర అధికారులు, కొద్దిపాటి ఫిరంగులు, మరతుపాకులు. అదీ సరికామిష్ రక్షణ.

ఎన్వర్ వెంటనే దిగుదామన్నాడు. కోర్ అధికారులు మాత్రం, మన జనం సగం మంది దారిలోనే పడిపోయారు, 17వ డివిజన్ ఇంకా రాలేదు, తెల్లారనివ్వండి అన్నారు. ఆగారు. ఆ రాత్రి అడవిలో ఎన్నో వందల మంది గడ్డకట్టి పోయారు. తెల్లారేసరికి కింద రష్యన్లు ఇంకాస్త బలపడ్డారు. ఆ రాత్రే దిగి ఉంటే గెలిచేవారని టర్కీలో వందేళ్లుగా వాదిస్తున్నారు. ఊరు దొరికేదేమో, నేనూ కాదనను. వెచ్చటి బారకాసులు, రొట్టె, కట్టెలు అన్నీ కిందే ఉన్నాయి. కానీ అడుగుతాను: ఒక్క రాత్రి ఆగితే కూలిపోయే పథకాన్ని ఏమనాలి? పెళ్లివారికి వండిన అన్నం ఒక బస్సు ఆలస్యమైతే చాలకపోవడం వంటవాడి తప్పా, లెక్క రాసినవాడి తప్పా?

ఈ లోగా పదో కోర్ ఏమైంది? హాఫిజ్ హక్కీ ఓల్తు దగ్గర వెనక్కి తగ్గుతున్న చిన్న రష్యన్ దళాన్ని తరుముతూ అర్దహాన్ వైపు వెళ్లిపోయాడు. గెలుపు రుచి చూసినవాడికి దారి గుర్తుండదు. సరికామిష్‌లో తన కోసం ఎదురుచూస్తున్నారని గుర్తొచ్చేసరికి ఆలస్యమైంది. కోల్పోయిన సమయాన్ని పూడ్చుకోవడానికి అడ్డదారి పట్టాడు. ఇదిగో, పటంలో ఇక్కడ. అల్లాహుఎక్బెర్ కొండలు, 3,000 మీటర్ల ఎత్తు. 25, 26 తేదీల్లో రెండు డివిజన్లు ఆ కొండ ఎక్కాయి. మంచు తుపాను విరుచుకుపడింది. సున్నాకు దిగువన 20 నుంచి 30 డిగ్రీల చలి. పైన చెట్టు లేదు, పుట్ట లేదు, గాలికి అడ్డం లేదు. కొన్ని గంటల్లో దాటాలనుకున్న కొండ ఒక పగలూ ఒక రాత్రీ మింగేసింది. వేలాదిగా ఎక్కినవారిలో అవతలి పల్లెకు దిగి వచ్చింది 3,200 మంది అని టర్కీ సైనిక చరిత్ర లెక్క. అక్కడ శత్రువు తుపాకీ ఒక్కటీ పేలలేదు.

రష్యన్ల వైపు కూడా ఒక నాటకం నడిచింది. అక్కడి అధిపతి మిష్లయెవ్‌స్కీ బెదిరిపోయాడు. మొత్తం సైన్యాన్ని వెనక్కి రమ్మని ఆజ్ఞ ఇచ్చి, తాను టిఫ్లిస్‌కు వెళ్లిపోయాడు. నగరంలో గగ్గోలు. ఆజ్ఞ పాటించి ఉంటే రష్యన్లు కొండల్లో చెల్లాచెదురయ్యేవారు, ఎన్వర్ చరిత్రలో మహా సేనాని అయ్యేవాడు. పాటించనివాడు ఒకడున్నాడు, జనరల్ యుదెనిచ్. పొట్టిగా, లావుగా, మాట తక్కువగా ఉండే మనిషి. వెనక్కి వెళ్లే ఒకే ఒక దారి సరికామిష్ గుండానే పోతుంది, కాబట్టి ముందు అక్కడ గెలవాలి అన్నాడు. దళాలను ఒక్కొక్కటిగా ముందు వరుసల నుంచి తీసి ఊళ్లోకి పంపాడు. 29న టర్కీ సైనికులు చివరిసారిగా ఊరి మీద పడ్డారు. కొన్ని వందల మంది లోపలికి చొరబడి బారకాసుల దాకా వచ్చారు కూడా. అక్కడే ఆగిపోయింది.

తరవాతిది తొందరగా చెబుతాను. యుదెనిచ్ అడవి చుట్టూ ఉచ్చు బిగించాడు. జనవరి 4న తొమ్మిదో కోర్ అధిపతి ఇహ్సాన్ పాషా తన సిబ్బందితో సహా పట్టుబడ్డాడు. ఆయన దగ్గర మిగిలిన సైనికులకంటే అధికారులే ఎక్కువ. ఎన్వర్ అంతకు ముందే అక్కడి నుంచి తప్పుకున్నాడు. సైన్యాన్ని హాఫిజ్ హక్కీకి అప్పగించి ఇస్తాంబుల్ చేరుకున్నాడు. పత్రికల్లో ఓటమి గురించి అక్షరం పడలేదు. బతికి ఎర్జురుమ్ చేరినవారి మీద టైఫస్ జ్వరం పడింది. ఫిబ్రవరిలో హాఫిజ్ హక్కీ కూడా దానితోనే పోయాడు. పట్టుబడినవారిలో కొందరు సైబీరియాలో, కొందరు బాకూ దగ్గరి నార్గిన్ దీవిలో ప్రాణాలు వదిలారు.

ఎంతమంది చనిపోయారు అంటే లెక్క తేలదు. 90,000 అనే సంఖ్య టర్కీలో పాతుకుపోయింది. ఇటీవలి చరిత్రకారుల్లో ఎక్కువమంది అంత లేదంటారు. మొత్తం నష్టం 50 నుంచి 60 వేలు అనేవారున్నారు. మంచు కరిగాక రష్యన్లు 23,000 శవాలను లెక్కపెట్టారని ఒక లెక్క. రష్యన్లకు కూడా చనిపోయినవారు, గాయపడినవారు 16,000, చలితో జబ్బుపడినవారు 12,000 అంటారు. గెలిచినవారి కాళ్లనూ మంచు వదలలేదు.

ఓడినవాడికి ఎవరో ఒకరు దోషి కావాలి. సరిహద్దుకు రెండు వైపులా ఉన్న క్రైస్తవ జాతి ఆర్మేనియన్లు. రష్యన్ల పక్షాన ఆర్మేనియన్ వాలంటీర్ దళాలు ఉన్నాయి, నిజమే. ఆటోమన్ సైన్యంలోనూ ఆర్మేనియన్ సైనికులు పోరాడారు, వారిని మెచ్చుకుంటూ ఎన్వరే ఉత్తరం రాశాడు. అయినా ఫిబ్రవరి చివరికి వారి తుపాకులు లాక్కుని కూలి దళాల్లోకి తోశారు. ఏప్రిల్ 24న ఇస్తాంబుల్‌లో ఆర్మేనియన్ పెద్దల అరెస్టులు. ఆ పైన జరిగిన ఆర్మేనియన్ల సామూహిక హత్యాకాండ ప్రపంచానికి తెలుసు. దానికి సరికామిష్ ఒక్కటే కారణమని నేననను, కానీ ఆ ఓటమి నింద ఎవరి మీద పడిందో చూస్తున్నారు కదా.

మనకేమిటి సంబంధం అని ఇందాక ముందు వరుసలో ఒక పెద్దాయన అడిగారు. సంబంధం ఉంది. సరికామిష్ ఊగిసలాడుతున్న రోజుల్లో రష్యా సైన్యాల అధిపతి గ్రాండ్ డ్యూక్ నికొలాస్, టర్కీ దృష్టి మళ్లించేలా ఏదైనా చేయండని లండన్‌కు కబురు పంపాడు. ఆ కబురు మీద చర్చ సాగుతుండగానే సరికామిష్‌లో గెలుపు తేలిపోయింది. అయినా కదిలిన బండి ఆగలేదు, 1915లో బ్రిటన్ సేనలు దాడికి దిగిన టర్కీ తీరం గల్లిపోలీ దాకా వెళ్లింది. అక్కడ దిగినవారిలో సిక్కులు, గూర్ఖాలతో కూడిన 29వ ఇండియన్ బ్రిగేడ్ ఉంది.

చివరిగా, ఒక తమ్ముడు చీటీ పంపాడు: ఆ చలిలో ఏ సైన్యమైనా అంతే కదా, ఎన్వర్‌ను ఎందుకు తిట్టడం అని. మంచి ప్రశ్న. చలి మీద నేరం మోపడం సులువు, చలి కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పదు. కానీ ఇక్కడ సాక్ష్యం ఉంది. సరిగ్గా ఏడాది తిరిగాక, 1916 జనవరిలో, అవే కొండల ప్రాంతంలో, అదే చలిలో యుదెనిచ్ ఎదురు దాడి చేశాడు. ఫిబ్రవరి 16న ఎర్జురుమ్ కోట అతని చేతికి వచ్చింది. చలిలో ఎవరూ దాడి చేయరని టర్కీ వారు ధీమాగా ఉన్నారు, ఏడాది కిందటి తమ అనుభవం చూసుకుని. అక్కడ కూడా రష్యన్ సైనికులు చలికి చనిపోయారు, కాళ్లు పోగొట్టుకున్నారు. కానీ బయలుదేరే ముందు వారికి ఉన్ని బూట్లు, పొట్టి గొర్రెతోలు కోట్లు, దూది దట్టించిన లాగులు ఇచ్చారు. వాతావరణం కనిపెట్టడానికి ప్రత్యేకంగా కేంద్రాలు పెట్టారు. కొండ మీద చెట్టు ఉండదని యుదెనిచ్‌కు తెలుసు. అందుకని ఒక్కో సైనికుడి వీపు మీద, తుపాకీతో పాటు, రెండేసి వంటచెరకు దుంగలు కట్టించాడు.